తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్ల మధ్య తేడా సరిగా రావడం లేదు, ఎందుకు?

శ్రీకాకుళం దగ్గర హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలతో గాలిలో తేమ కొలిచే పరికరం చేయిస్తున్నాను. ల్యాబ్‌లోని రెండు గాజు థర్మామీటర్లు తీసుకుని, ఒకదాని బల్బుకి తడిగుడ్డ చుట్టి, గుడ్డ కొస కింద నీళ్ల సీసాలో వేశాం.

మధ్యాహ్నం రెండు గంటలకి పొడి బల్బు 32 డిగ్రీలు, తడి బల్బు 30.5. ఈ తేడా నుంచి తేమ చెప్పే పట్టిక ప్రకారం సాపేక్ష ఆర్ద్రత (ఆ వేడిలో గాలి పట్టగల తేమలో ఇప్పుడు ఎంత శాతం ఉందో) దాదాపు 90 శాతం! సముద్రం పక్కనే అనుకున్నా, డాబా మీద బట్టలు చకచకా ఆరిపోతుంటే ఈ లెక్క నమ్మేదెలా? ఫోన్‌లో అదే సమయానికి 65 శాతం ఉంది. అలాగైతే తడి బల్బు 26 దగ్గర ఉండాలి.

థర్మామీటర్లు రెండూ ఒకే గ్లాసు నీళ్లలో పెడితే ఒకే రీడింగ్. పాలిస్టర్ గుడ్డ తీసేసి, ఉతికిన పాత నూలు పంచె ముక్క చుట్టాం. బోరు నీళ్ల బదులు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ పోశాం. ఏం మారలేదు.

పరికరం తరగతి గదిలో మూలన, గోడకి ఆనించి ఉంది. సీసా మూతి వెడల్పు, బల్బుకి వేలెడు దూరం కూడా లేదు. ఫ్యాన్ వేస్తే రీడింగులు ఊగిపోతాయని ఆపేస్తున్నాం.

ముందు ఏది మార్చమంటారు: సీసా దూరమా, గాలి ఆడని చోటా?