‘డ్రాప్ డెడ్’ను తెలుగులో ఏమందాం?

అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుదాకా వెళ్లిన కథ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. బాండ్లు, వడ్డీలు, పింఛను నిధులు అన్నీ దాటుకొచ్చి, ఐదే ఐదు మాటల దగ్గర మూడు రోజులుగా చతికిలబడ్డాను. ఆ ఏడాది అక్టోబర్ 30న ‘న్యూయార్క్ డైలీ న్యూస్’ మొదటి పేజీ హెడ్డింగు అది: ‘ఫోర్డ్ టు సిటీ: డ్రాప్ డెడ్’.

సందర్భం ఇదీ. నగరం ఖజానా ఖాళీ. బాండ్లు కొనేవాడు లేడు. ముందు రోజు వాషింగ్టన్ నేషనల్ ప్రెస్ క్లబ్‌లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ మాట్లాడుతూ, న్యూయార్క్‌ను ఎగవేత నుంచి గట్టెక్కించడానికి ఏ బిల్లు వచ్చినా వీటో చేస్తానన్నారు. తెల్లారేసరికి పత్రికలో ఈ ఐదు మాటలు.

నేను రాసి కొట్టేసినవి: ‘చచ్చిపో’, ‘చావు పో’, ‘చస్తే చావు’. మొదటిది శాపంలా ఉంది, రెండోది కుళాయి దగ్గర తగాదాలా ఉంది, మూడోదాంట్లో కాస్త జాలి కూడా వినిపిస్తోంది. ఏం చేయను?

పాత డెస్కు మనిషి:
ఇందులో మూడు రోజుల పనేముందమ్మా? రాత్రి పన్నెండింటికి నా చేతికొస్తే అర నిమిషంలో పెట్టి పంపేవాణ్ని: ‘న్యూయార్క్‌కు ఫోర్డ్ మొండిచెయ్యి’. నా సర్వీసులో ఎందరి చేత ఎందరికి మొండిచెయ్యి చూపించానో లెక్కే లేదు.

మాస్టారు:
అందుకే అది పనికిరాదంటాను. డైలీ న్యూస్ డెస్కులో కూడా ముందు అలాంటిదే వేసుకున్నారు: ‘ఫోర్డ్ రెఫ్యూజెస్ ఎయిడ్ టు సిటీ’. నగరానికి సాయం నిరాకరించిన ఫోర్డ్ అని. మేనేజింగ్ ఎడిటర్ విలియం బ్రింక్ దాన్ని చెరిపి ‘డ్రాప్ డెడ్’ చేశాడు. మీ మొండిచెయ్యి ఆయన చెరిపేసిన హెడ్డింగుకు అనువాదం అవుతుంది గాని, అచ్చయినదానికి కాదు.

పాత డెస్కు మనిషి:
దెబ్బ తగిలింది మాస్టారూ. ఒప్పుకున్నాను.

మాస్టారు:
అమ్మా, మీరు రాసిన మూడింటిలోనూ చావు ఉంది గాని విదిలింపు లేదు. ‘డ్రాప్ డెడ్’ అనే అమెరికన్, ఎదుటివాడు నిజంగా కూలబడి ప్రాణం విడవాలని కోరుకోడు. నీతో నాకు పని లేదు ఫో, అంటున్నాడంతే. మనకు దానికి కొలిచి కుట్టినట్టు ఒక మాటుంది: ‘నీ చావు నువ్వు చావు’. ఇందులో మొదటి చావు నామవాచకం, రెండోది క్రియ. ‘నీ ఏడుపు నువ్వు ఏడు’, ‘నీ పాట్లు నువ్వు పడు’ కూడా ఇదే మూసలోవి. ‘నీ’, ‘నువ్వు’ రెండూ రావడంలోనే దీని కీలకం ఉంది. కష్టం నీది, పడేదీ నువ్వే, నన్ను మధ్యలోకి లాగకు. అప్పు అడగడానికి వచ్చినవాణ్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి అనే మాట ఇది. ఆ రోజు న్యూయార్క్ నిలబడ్డది అచ్చంగా ఆ గుమ్మం ముందే.

ఇంకో చిక్కు కూడా చూడండి. ఒట్టి ‘చావు’ అని పెడితే తెలుగులో అది ఆజ్ఞో, మరణమో తెలియదు. ‘నగరానికి ఫోర్డ్ మాట: చావు’ అంటే చదివేవాడు ఎవరు పోయారని అడుగుతాడు.

కొత్త సభ్యుడు:
‘పోయి గంగలో దూకు’ కుదరదా అండీ?

మాస్టారు:
అర్థం కుదురుతుంది నాయనా. కానీ న్యూయార్క్‌లో మన్‌హాటన్ వాళ్లకు పక్కనే హడ్సన్ నది ఉండగా గంగదాకా పంపడం దేనికి?

కొత్త సభ్యుడు:
సరే, ఇంకో అనుమానం. అసలు ఫోర్డ్ ఆ మాట అన్నాడా?

అనువాదకురాలు:
అనలేదండీ. ఆ ప్రసంగంలో ఎక్కడా లేదు. నా అసలు చిక్కు అక్కడే, మొదటి పోస్టులో సరిగా చెప్పలేకపోయాను. ఇంగ్లీషులో ఆ రెండు చుక్కలు చాలా తెలివైనవి. ‘సెడ్’ అనే క్రియ లేదు, కొటేషన్ గుర్తులూ లేవు. అన్నాడని పత్రిక చెప్పలేదు, అనలేదనీ చెప్పలేదు.

పాత డెస్కు మనిషి:
మన దగ్గర ఆ రెండు చుక్కలకు వేరే కొలువుంది. తెలుగు హెడ్డింగులో మాట ముందొస్తుంది, మనిషి తర్వాత: ‘బిల్లు తెస్తే వీటోయే: ఫోర్డ్’. అలా పెట్టామంటే ఆయన నోటి మాటేనని పాఠకుడు నమ్ముతాడు. ‘మీ చావు మీరు చావండి: ఫోర్డ్’ అని వేస్తే పక్కా అబద్ధం అవుతుంది. మర్నాడు ఖండన వేసుకోవాలి, అదీ అదే పేజీలో.

కొత్త సభ్యుడు:
పొమ్మనలేక పొగబెట్టడం అంటాం కదా. ‘చావమనలేక వీటో పెట్టిన ఫోర్డ్’!

మాస్టారు:
భేష్. చమత్కారం బావుంది, నిజానికీ దగ్గరగా ఉంది. కాకపోతే ఇందులో ఫోర్డ్ మొహమాటస్తుడు అయిపోతున్నాడు. బ్రింక్ హెడ్డింగులో మొహమాటం బొత్తిగా లేదు. నిజానికి ఆ ప్రసంగం చావు కబురు చల్లగా చెప్పడమే: ఎగవేస్తే దివాలా చట్టం ప్రకారం పద్ధతిగా నడిపిద్దాం అని ఒక బిల్లు కూడా ప్రతిపాదించాడు ఆయన. అదే రోజు న్యూయార్క్ టైమ్స్ హెడ్డింగులో మందలింపు, వీటో, దివాలా బిల్లు మూడూ వరసగా ఉన్నాయి. మొత్తం సమాచారం అందులోనే ఉంది, అయినా ఇవాళ అది ఎవరికీ గుర్తులేదు.

కొత్త సభ్యుడు:
డైలీ న్యూస్ వాళ్లు మాత్రం అంత మొరటుగా ఎందుకు పెట్టినట్టు?

పాత డెస్కు మనిషి:
దీనికి కొంచెం పెద్ద జవాబు, ఓపిక పట్టండి. మొరటుతనం కొంత, కాగితం సైజు కొంత. ఆ పత్రిక 1919 జూన్ 26న మొదలైంది. అప్పటి పేరు ఇలస్ట్రేటెడ్ డైలీ న్యూస్, వెల రెండు సెంట్లు. పెట్టినాయన జోసెఫ్ మెడిల్ ప్యాటర్సన్, షికాగో ట్రిబ్యూన్ పత్రిక నడిపిన కుటుంబం మనిషి. బ్రిటన్ పత్రికాధిపతి హార్మ్స్‌వర్త్ 1903లో లండన్‌లో పెట్టిన డైలీ మిర్రర్‌ను చూసి, అదే సైజు, అదే బొమ్మల దారి పట్టాడు. పెద్ద పత్రికలో సగం ఉంటుంది కాగితం. సబ్‌వే రైల్లో ఒక చేత్తో పట్టీకి వేలాడుతూ రెండో చేత్తో చదువుకోవచ్చు. పెద్ద పత్రిక విప్పితే పక్కవాడి ముక్కుకు తగులుతుంది. ఆ సౌకర్యమే దాన్ని ఎక్కడికో తీసుకుపోయింది. 1947లో రోజుకు 24 లక్షల కాపీలు, ఆదివారం 47 లక్షలు. ఈస్ట్ 42వ వీధిలో 1930లో కట్టిన వాళ్ల భవనం గుమ్మం మీద ‘ఇంతమందిని ఆయనే చేశాడు’ అనే అర్థంలో ఒక మాట చెక్కి ఉంటుంది. దేవుడికి సామాన్యులంటే ఇష్టం కాబట్టే అంతమందిని చేశాడని లింకన్ అన్నట్టు చెప్పే మాటలో తోక అది.

ఆ సగం కాగితంలో మొదటి పేజీకి వార్త ఉండదు, అరుపు ఉంటుంది. అంత లావు అక్షరాలకు చెక్క అచ్చులు వాడేవాళ్లు. న్యూయార్క్ టాబ్లాయిడ్ మనుషులు మొదటి పేజీ హెడ్డింగును ఇప్పటికీ ‘వుడ్’ అంటారు. చెక్క పోయినా మాట పోలేదు. అక్షరం లావెక్కినకొద్దీ మాటలు తగ్గాలి. 1928 జనవరి 13న ఇదే పత్రిక మొదటి పేజీలో ఒకే ఒక్క మాట: ‘డెడ్!’. భర్తను చంపిన కేసులో రూత్ స్నైడర్ అనే ఆవిడను సింగ్‌సింగ్ జైల్లో విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టారు. టామ్ హోవార్డ్ అనే ఫొటోగ్రాఫర్ చీలమండకు చిన్న కెమెరా కట్టుకుని వెళ్లి, సమయానికి పంట్లాం పైకి లాగి తీసిన ఫొటో అది. ఆ ఫొటో మీద ఆ మాట.

ఇప్పుడు ఆ ‘డెడ్!’ను తెలుగు చేయండి చూద్దాం. చనిపోయింది, మరణించింది, కన్నుమూసింది, చచ్చింది. ప్రతిదానికీ ఒక మర్యాద రేటు ఉంది మనకు. కన్నుమూసింది అంటే సంతాపం, చచ్చింది అంటే కసి. ఇంగ్లీషు ‘డెడ్’కు ఇవేవీ పట్టవు. డాక్టరు నాడి చూసి చెప్పినట్టు ఉంటుంది.

కొత్త సభ్యుడు:
టాబ్లాయిడ్ అంటే ‘సగం కాగితం’ అనేనా అర్థం?

మాస్టారు:
కాదు, మందు మాత్ర. లండన్‌లో బరోస్ వెల్కమ్ అనే మందుల కంపెనీ 1884లో రిజిస్టరు చేసుకున్న వ్యాపార చిహ్నం అది. పొడి మందును గట్టిగా నొక్కి చిన్న బిళ్లగా చేసి ఆ పేరుతో అమ్మేవాళ్లు. నొక్కి చిన్నది చేసినవాటన్నిటికీ జనం ఆ పేరు తగిలించేశారు. 1901 జనవరి 1న జోసెఫ్ పులిట్జర్ తన న్యూయార్క్ వరల్డ్ పత్రికను ఒక్కరోజు నడిపి చూడమని ఇందాక మీరన్న హార్మ్స్‌వర్త్ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని సగం సైజుకు నొక్కి, ఇదీ టాబ్లాయిడ్ పద్ధతి అన్నాడు. మందుల కంపెనీ కోర్టుకు వెళ్లి తన చిహ్నాన్ని కాపాడుకుంది గాని, మాట అప్పటికే వీధిలో పడింది.

తెలుగులోకి అది ఒట్టి సైజు మాటగానే వచ్చింది. ఇంగ్లీషువాడు ‘టాబ్లాయిడ్’ అన్నప్పుడు ముక్కు కాస్త చిట్లిస్తాడు, మనం చిట్లించం. వ్యాసంలో ఆ చిట్లింపు అవసరమైతే ‘సంచలన’ అనే మాట పక్కన పెట్టుకోవాలి. ‘గుళిక పత్రిక’ అనొచ్చా అని మాత్రం అడక్కండి. ఆయుర్వేదం పత్రిక అనుకుంటారు.

అనువాదకురాలు:
మళ్లీ నా దగ్గరికి వద్దాం. ‘నీ చావు నువ్వు చావు’ దాదాపు ఖాయం చేసుకున్నాను. కానీ ‘నువ్వా’, ‘మీరా’? ఇంగ్లీషుకు ఈ గొడవే లేదు, ‘డ్రాప్’ అంటే ఒకడికైనా కోటిమందికైనా సరిపోతుంది. నగరం ఏకవచనమే కదా?

మాస్టారు:
వ్యాకరణానికి ఏకవచనమే. పొద్దున్నే బండి దగ్గర పత్రిక కొన్నవాడికి కాదు. వాడు ఆ పేజీ చూసి ‘ఫోర్డ్ నగరాన్ని తిట్టాడు’ అనుకోలేదు, ‘మమ్మల్ని తిట్టాడు’ అనుకున్నాడు. ఆ కోపం చల్లారలేదు కూడా. ఆరు వారాలు తిరక్కుండానే, డిసెంబర్ 9న, ఏడాదికి 230 కోట్ల డాలర్ల దాకా నగరానికి అప్పిచ్చే చట్టం మీద ఫోర్డే సంతకం పెట్టాడు. అయినా 1976 ఎన్నికల్లో న్యూయార్క్ రాష్ట్రం ప్రత్యర్థి కార్టర్‌కు పోయింది, అధ్యక్ష పదవీ పోయింది. అనని మాటకు ఇంత మూల్యం! నా ఓటు బహువచనానికే: ‘మీ చావు మీరు చావండి’.

కొత్త సభ్యుడు:
‘అండి’ పెడితే మర్యాద అయిపోదా మాస్టారూ?

మాస్టారు:
ఈ మూసలో ‘అండి’ మర్యాద కాదు, ఎడం. దగ్గరివాణ్ని ‘నీ చావు నువ్వు చావు’ అంటే రేపు మళ్లీ మాట్లాడతామన్న ఆశ ఉంటుంది. ‘మీ చావు మీరు చావండి’ అంటే తలుపు వేసేసినట్టే.

పాత డెస్కు మనిషి:
నేనూ బహువచనానికే, కారణం వేరు. ఇందాకటి నుంచీ కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూస్తున్నాను. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు ఇటుకల్లా ఉంటాయి, పైనా కిందా సమానం, పేజీ నిండా పేర్చొచ్చు. మనకు పైన గుడి, కింద ఒత్తు. కింద ఒత్తు వేలాడితే రెండో వరుసకు చోటు వదలాలి, అక్షరం సైజు తగ్గించాలి. ‘నీ చావు నువ్వు చావు’లో ‘వ్వు’ దగ్గర ఒత్తు దిగిపోయింది. ‘మీ చావు మీరు చావండి’ చూడండి: ఒక్క ఒత్తు లేదు! రెండు వరుసలుగా విరిచి ఎంత లావైనా వేసుకోవచ్చు. ‘ఫోర్డ్’కు మాత్రం ఒత్తు తప్పదు, ఆయన్ని పైన సన్నటి పట్టీలో పడేయండి: ‘నగరం మొర... ఫోర్డ్ జవాబు’. ‘జవాబు’ అంటే ఇవే మాటలన్నాడని కాదు, ఖండన బాధ తప్పింది.

అనువాదకురాలు:
ఇద్దరి కారణాలూ ఒకచోటికే వచ్చాయి, అదే పెడుతున్నాను. ఫోర్డ్ ఈ మాటలు అనలేదన్నది వ్యాసంలో తర్వాతి వాక్యంగా వస్తుంది.

ఒక్కటి మిగిలింది. 2017 జూన్ 2న, ప్యారిస్ వాతావరణ ఒప్పందం నుంచి బయటికొస్తున్నట్టు ట్రంప్ ప్రకటించిన మర్నాడు, ఇదే పత్రిక తన పాత హెడ్డింగునే మళ్లీ పైకి తీసింది: ‘ట్రంప్ టు వరల్డ్: డ్రాప్ డెడ్’. నా వ్యాసం దాంతోనే ముగుస్తుంది. దీనికీ ‘మీ చావు మీరు చావండి’ వాడేయనా?

పాత డెస్కు మనిషి:
ప్రపంచం అన్నాక ఆ ‘మీరు’లో మనమూ ఉన్నాం కదమ్మా. ‘మన చావు మనల్ని చావమన్న ట్రంప్’ అనాలేమో. కానీ ‘న్న’ దగ్గర ఒత్తు దిగింది, ‘ల్ని’ దగ్గర ఇంకోటి. కాసేపు ఆగండి, మళ్లీ రాసి చూస్తాను.