నైట్రోజన్‌కు ఆక్సీకరణ సంఖ్య +1 వస్తుంది, కీలో వేరే ఉంది. తప్పెక్కడ?

ఇంటర్ ఫస్టియర్, హనుమకొండ: సాయంత్రం ఆరింటి నుంచి ఈ ఒక్క లెక్క మీదనే కూసున్న. హైడ్రోజన్‌కు +1, ఆక్సిజన్‌కు -2 పెట్టిన, మొత్తం సున్నా చేసిన. ఎన్నిసార్లు చేసినా నైట్రోజన్ +1 వస్తుంది. కీలో -3, +5 అని రెండున్నయ్. కీ తప్పా? పొద్దుగాల పరీక్ష. జర ఎవరన్నా చెప్పుండ్రి.

మంచిర్యాల: ఏ పదార్థం?

లెక్చరర్, కరీంనగర్: ముందొక మాట. ఆవేశాన్నీ ఆక్సీకరణ సంఖ్యనూ (సమ్మేళనంలో ఒక్కో పరమాణువుకు లెక్క కోసం ఇచ్చే ఆవేశం) పిల్లలు కలిపేస్తున్నారు. అయాన్ మీద ఆవేశం రాసేటప్పుడు అంకె ముందు, గుర్తు తర్వాత: 3+. ఆక్సీకరణ సంఖ్యకు గుర్తే ముందు: +3. వేలన్సీకి గుర్తే ఉండదు. ఇక్కడ మార్కులు పోతాయి.

ఇంటర్ ఫస్టియర్, హనుమకొండ: సార్, నేను వేలన్సీ మాటే ఎత్తలే. పదార్థం అమ్మోనియం నైట్రేట్, NH4NO3. తెలుస్తదనుకున్న.

పెద్దపల్లి: అదే రాయాల్సింది తమ్ముడూ. కీ కరెక్టే. నువ్వు రెండు నైట్రోజన్లకూ ఒకటే విలువ పట్టినవ్. ఒకటి నాలుగు హైడ్రోజన్లతో ఉంది, ఇంకోటి మూడు ఆక్సిజన్లతో. అయాన్లుగా విడగొట్టి, ఒక్కోదాని మొత్తాన్ని సున్నాకు కాదు, దాని ఆవేశానికి సమానం చెయ్.
అమ్మోనియం: నైట్రోజన్ + 4 = +1, అంటే -3.
నైట్రేట్: నైట్రోజన్ - 6 = -1, అంటే +5.
నీకొచ్చిన +1 ఈ రెండింటి సగటు.
మోర్ లవణం (ఐరన్, అమ్మోనియం, సల్ఫేట్, నీళ్లు కలిసిన స్ఫటికం) అడిగినా ఇదే దారి. రెండు సల్ఫేట్లు -4, రెండు అమ్మోనియంలు +2, ఆరు నీళ్లు సున్నా. ఐరన్‌కు మిగిలేది +2.

మంచిర్యాల: సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో పేలుడు మందుకు వాడేది ఈ అమ్మోనియం నైట్రేటే. 2020లో బీరూట్ ఓడరేవులో పేలింది కూడా ఇదే, అక్కడ నిల్వ పెట్టింది 2,750 టన్నులు. జాగ్రత్తగా వేడి చేస్తే నైట్రస్ ఆక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. ఆ వాయువులో నైట్రోజన్ సగటు +1. -3, +5 కలిసి అక్కడికే చేరుతాయి. ల్యాబులో మాత్రం ఎవరూ చేయొద్దు.

లెక్చరర్, కరీంనగర్: సగటును ఆక్సీకరణ సంఖ్య అనొచ్చా అన్నది వేరే చర్చ.

పెద్దపల్లి: అనొచ్చు సార్, సగటు అని చెప్పి రాస్తే. Fe3O4 అనే మాగ్నటైట్‌లో ఐరన్‌కు +8/3 రాస్తాం కదా. నిజానికి అందులో ఒకటి +2, రెండు +3.

ఇంటర్ ఫస్టియర్, హనుమకొండ: అది వచ్చింది. K2S2O8, అదే పొటాషియం పెర్‌సల్ఫేట్‌లో సల్ఫర్ +7 వస్తుంది. ఇక్కడ ఏం విడగొట్టాలె?

పెద్దపల్లి: ఇక్కడ విడగొట్టినా తేలదు. సల్ఫర్‌కు బయటి కక్ష్యలో ఎలక్ట్రాన్లు ఆరే, +6 దాటదు. +7 వచ్చిందంటే పెరాక్సైడ్ బంధం, అంటే రెండు ఆక్సిజన్లు నేరుగా కలిసిన బంధం, ఉన్నట్టు. ఎనిమిది ఆక్సిజన్లలో రెండింటికి -1, ఆరింటికి -2 పెట్టు. రెండు పొటాషియంలు +2, కాబట్టి మిగిలిన భాగం ఆవేశం -2. రెండు సల్ఫర్లు - 12 - 2 = -2. ఒక్కోటి +6.

ఇంటర్ ఫస్టియర్, హనుమకొండ: అయింది. థ్యాంక్స్ అన్నా.

బీఎస్సీ, జగిత్యాల: ఆక్సీకరణ సంఖ్య, ఆక్సీకరణ స్థితి ఒకటేనా సార్?