ఏడీహెచ్‌డీ మాత్ర: డాక్టరు రాశాడా, కంపెనీ రాయించిందా?

శ్రీను_డల్లాస్:
మొన్న ఇక్కడ ఒకావిడ కొడుక్కి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) మందు మొదలుపెట్టమంటారా అని అడిగితే, అందరూ "డాక్టర్ చెప్పినట్టు చేయండి" అనేశారు. ఆ డాక్టరుకి చెప్పేదెవరు? హార్వర్డ్‌లో జోసెఫ్ బీడర్‌మన్‌ది పిల్లల సైకియాట్రీలో అప్పట్లో చాలా పెద్ద పేరు. ఆయన 2000 నుంచి 2007 దాకా మందుల కంపెనీల దగ్గర కనీసం 16 లక్షల డాలర్లు తీసుకున్నాడని, చాలా భాగం యూనివర్సిటీకి చెప్పలేదని 2008లో అమెరికా సెనెటర్ గ్రాస్లీ విచారణలో బయటపడింది. 2014లో షైర్ అనే మందుల కంపెనీ కేసు సెటిల్‌మెంట్ కింద అమెరికా ప్రభుత్వానికి 5.65 కోట్ల డాలర్లు కట్టింది. తమ ఏడీహెచ్‌డీ మందు అడెరాల్ ఎక్స్‌ఆర్ వాడితే చదువులో వెనకబడరు, ఉద్యోగం పోదు, నేరాలు చేయరని ఆధారం లేకుండా ప్రచారం చేసిందని కేసు.

వంశీ_ఫార్మసీ:
సెటిల్‌మెంట్ అంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదండీ. అవి ఆరోపణలు మాత్రమే.

శ్రీను_డల్లాస్:
తప్పు చేయనివాళ్లు అంత డబ్బు ఊరికే కడతారా?

వంశీ_ఫార్మసీ:
కడతారు. కోర్టులో ఏళ్ల తరబడి తిరగడం కంటే అదే నయమనుకుంటారు. "ఆరోపణ" అని ఒక్క మాట రాయండి చాలు.

లక్ష్మి_ఎడిసన్:
మా పాపకి టెస్ట్ చేయించమని టీచర్ మెయిల్ పెట్టింది. ఇవన్నీ చదివితే ఇంకా టెన్షన్‌గా ఉంది.

పద్మజ_ఎన్‌జె:
లక్ష్మీ, భయపడకమ్మా, టెస్ట్ చేయించు. శ్రీను గారూ, కంపెనీలు ఆశపడ్డాయి, నిజమే. అంతమాత్రాన మందు అబద్ధమైపోతుందా? ఏడీహెచ్‌డీ చికిత్సల మీద 1999లో వచ్చిన ఎంటీఏ స్టడీని మొదలుపెట్టింది అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఎన్ఐఎంహెచ్. 579 మంది పిల్లలు. 14 నెలల తర్వాత ఏడీహెచ్‌డీ లక్షణాలు తగ్గడంలో, ఒట్టి బిహేవియర్ థెరపీ కంటే జాగ్రత్తగా చూసుకుంటూ ఇచ్చిన మందే బాగా పనిచేసింది.

శ్రీను_డల్లాస్:
మూడేళ్లు గడిచేసరికి ఆ తేడా పోయిందని అదే స్టడీవాళ్లు 2007లో రాశారు. అది ఎందుకు చెప్పరు? మార్కుల కోసం పిల్లలకి మాత్రలు మింగించే తల్లిదండ్రులు ఉన్నంతకాలం కంపెనీలకి ఢోకా లేదు.

పద్మజ_ఎన్‌జె:
ఆ మాట నన్నే అన్నారు. సరే, చెప్తాను. మా వాడికి ఏడేళ్లప్పుడు డాక్టర్ మందు రాసింది. "అంతా కంపెనీల నాటకం, మగపిల్లలు అల్లరి చేయరా" అని విజయవాడ నుంచి అత్తగారు, ఇక్కడ మీలాంటి చదువుకున్నవాళ్లు అన్నారు. మూడేళ్లు ఆపాను. ఆ మూడేళ్లలో వాడికి ఒక్క స్నేహితుడు కూడా మిగల్లేదు. "అమ్మా, నేను చెడ్డవాణ్ణా?" అని అడిగేవాడు. మందు మొదలుపెట్టాక కూర్చుని ఒక ఆట పూర్తిగా ఆడాడు. మార్కులు నాకు గుర్తు కూడా లేవు.

రమేశ్_ఆస్టిన్:
ఇద్దరూ కాస్త శాంతించండి.

శ్రీను_డల్లాస్:
నేను శాంతించలేను, రమేశ్. మా వాడు ఆగస్టు 28న పుట్టాడు. టెక్సస్‌లో బడిలో చేర్చడానికి వయసు లెక్కేసే కటాఫ్ సెప్టెంబరు 1, అందుకే క్లాసులో అందరికంటే చిన్నవాడు. కిండర్‌గార్టెన్‌లో కుదురుగా కూర్చోడని స్కూల్లో అన్నారు. డాక్టర్ ఇరవై నిమిషాలు చూసి మాత్ర రాశాడు. వాడికి అయిదేళ్లు. ఆరేళ్ల లోపు పిల్లలకి ముందు తల్లిదండ్రులకి బిహేవియర్ ట్రైనింగ్ ఇవ్వాలని అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘమే చెప్పింది. మాకు ఎవరూ చెప్పలేదు. ఏడాది పాటు వాడు సరిగ్గా అన్నం తినలేదు, రాత్రి నిద్రపోలేదు. సెప్టెంబరు 1 కటాఫ్ ఉన్న రాష్ట్రాల్లో సెప్టెంబరు పిల్లల కంటే ఆగస్టు పిల్లలకి ఏడీహెచ్‌డీ ముద్ర 34 శాతం ఎక్కువ పడుతోందని 2018లో పేపర్ వచ్చింది. అది చదివిన రాత్రి మా ఆవిడా నేనూ పడుకోలేదు.

వంశీ_ఫార్మసీ:
అందులో కంపెనీ తప్పు ఎక్కడుంది మరి? డాక్టరు తొందరపడ్డాడు.

శ్రీను_డల్లాస్:
తొందరపడటం ఎవరు అలవాటు చేశారని అడుగుతున్నాను.

పద్మజ_ఎన్‌జె:
శ్రీను గారూ, మీకు అక్కర్లేని మందు ఇచ్చారు. మాకు అవసరమైన మందు అందకుండా మాటలతో ఆపారు. మీ కోపంలో నాకు తప్పు కనపడట్లేదు. కానీ "మాత్రలు మింగించే తల్లిదండ్రులు" అని మీరు రాసింది లక్ష్మి కూడా చదువుతోంది.

శ్రీను_డల్లాస్:
ఆ లైను తీసేస్తాను. మిగతాది తీయను.

లక్ష్మి_ఎడిసన్:
మా పాపది జూలై. ఇక్కడ ఎడిసన్‌లో కటాఫ్ ఎప్పుడో ఎవరికైనా తెలుసా?