రౌండ్ల మధ్య డ్రాగ్ కారును చల్లబరచడానికి ఎలాంటి ఫ్యాను కొనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను డాలస్ దగ్గర ఉంటాను; వారాంతాల్లో 660 అడుగుల ట్రాక్ మీద బ్రాకెట్ రేసింగు (ఎవరి కారుకు పట్టే సమయాన్ని వాళ్లు ముందే చెప్పి, జతలుగా పోటీపడే డ్రాగ్ రేసు) చేస్తాను. కారులో వీ8 ఇంజను, రెండు గేర్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషను ఉన్నాయి. మొదటి రౌండుకు 160 డిగ్రీల ఫారన్‌హీటుతో లైను దగ్గరికి వచ్చే ఇంజను నాలుగో రౌండుకల్లా 190 దాటుతోంది. ట్రాక్ దాటడానికి ఇంత సమయం పడుతుందని అద్దం మీద తెల్ల బూటుపాలిషుతో ముందే రాసుకున్న డయల్-ఇన్‌కూ కారు పరుగుకూ పొంతన కుదరడం లేదు. పెద్ద డ్రమ్ము ఫ్యాను కొనాలా, తివాచీలు ఆరబెట్టే బ్లోయరు సరిపోతుందా? నా దగ్గర 2,000 వాట్ల జనరేటరు ఉంది.

మొదటి జవాబు:
ఫ్యాను సంగతి తరవాత చూద్దామండీ. ఇంజను ఆపాక మీ కారులో నీళ్లు తిరుగుతున్నాయా? బెల్టుతో తిరిగే పంపయితే, ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా చల్లబడేది రేడియేటరులో ఉన్న నీళ్లే. ఇంజను బ్లాకులోవి ఎక్కడివక్కడే వేడిగా ఉండిపోతాయి. చెయ్యి పెట్టి చూసి రేడియేటరు చల్లబడిందని సంతోషించిన నేను, ఇంజను మళ్లీ స్టార్టు చేసిన నిమిషంలో మీటరు ముల్లు పైకెక్కడం చూసి తెల్లబోయాను. ముందు ఎలక్ట్రిక్ పంపు పెట్టించండి. పంపుకూ కారు ఫ్యానుకూ కలిపి 25 ఆంపియర్లనుకుంటే, అరగంటలో బ్యాటరీలోంచి 12 ఆంపియర్-అవర్లకు పైగా పోతుంది కాబట్టి, మీ జనరేటరు మొదటి పని చార్జరును నడపడం.

రెండో జవాబు:
డ్రమ్ము ఫ్యాను పెట్టె మీద రాసే సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) లెక్క అడ్డేమీ లేని గాలిది. దాన్ని రేడియేటరుకు ఎదురుగా పెడితే చాలా గాలి పక్కలకు జారిపోతుంది. మనుషులకు హాయిగా ఉంటుంది, కారుకు కాదు. బ్లోయరు వదిలే గాలి పరిమాణంలో తక్కువైనా, రేడియేటరు ఇరుకైన రెక్కల మధ్యనుంచి దూసుకుపోయే ఒత్తిడి దానికి ఉంటుంది. దాన్ని ముందువైపు, కారు ఫ్యాను లాగే దిశలోనే పెట్టి, చుట్టూ అట్టముక్కలతో సందులు మూయండి. రేడియేటరు వెనక ఒక రిబ్బను ముక్క పట్టుకుంటే, గాలి నిజంగా అవతలికి వస్తోందో లేదో క్షణంలో తెలుస్తుంది. బ్లోయరు మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక, చార్జరు నడుస్తుండగా బ్లోయరును జనరేటరు తట్టుకుంటుందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఎలక్ట్రిక్ పంపు ఉందండీ, కానీ ఇంజనుతో పాటే దాన్నీ ఆపేస్తున్నాను. తప్పు అక్కడే ఉన్నట్టుంది. మరి ట్రాన్స్‌మిషను కూలరుకు ఇంకో ఫ్యాను కావాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఇంజను ఆపాక దానివల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే ట్రాన్స్‌మిషను ఆయిలును తిప్పే పంపు ఇంజనుతోనే నడుస్తుంది. పిట్‌కు (రౌండ్ల మధ్య కారు నిలిపే చోటుకు) తిరిగి వచ్చాక, కూలరు ఫ్యాను వేసి ఒకటి రెండు నిమిషాలు న్యూట్రల్‌లో ఉంచితే కన్వర్టరులోని (ఇంజను శక్తిని ఆయిలు ద్వారా ట్రాన్స్‌మిషనుకు అందించే భాగంలోని) వేడి ఆయిలు కూలరు దాకా వస్తుంది. ఆ తరవాత బయట నుంచి ప్యాన్ (ట్రాన్స్‌మిషను అడుగున ఆయిలు ఉండే తొట్టి) మీదికి గాలి కొట్టడమే.

రెండో జవాబు ఇచ్చినవారు:
ఒక్క మాట. పదహారు కార్లుంటే మొదటి రౌండులో ఎనిమిది జతలు, తరవాత నాలుగు, రెండు. గెలిచేకొద్దీ చల్లబరచుకునే సమయం తగ్గిపోతుంది. కాబట్టి మొదటి రౌండులో తీరిక ఉంది కదా అని ఇంజనును 110 డిగ్రీల దాకా దింపకుండా, చివరి రౌండులో కూడా అందుకోగలిగిన అంకె ఒకటి పెట్టుకుని, ప్రతిసారీ అక్కడికి రాగానే బ్లోయరు, పంపు ఆపేయండి.