అప్‌డేట్: బౌద్ధ విహారంలో బసలు, భోజనాలు ఎవరు చూసుకునేవారు?

అన్నీ వదిలేసి వచ్చిన భిక్షువులు కదా, మరి అంతమంది ఉండే విహారంలో పడకలు, భోజనాలు, కట్టడం పనులు ఎవరు చూసేవారని అడిగాను. భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం చూడమన్నవారికి చాలా థాంక్స్. చదువుతుంటే మనసు నిండిపోయింది.

ఈ బాధ్యతలు భిక్షువులకే అప్పగించేవారు. సామాన్ల గదికి ఒకరు, దానంగా వచ్చిన వస్త్రాలు తీసుకోవడానికి ఒకరు, పంచడానికి ఒకరు. భిక్షువుల సంఘం ముందు పేరు ప్రతిపాదిస్తారు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఆ మనిషి ఇష్టానికీ, కోపానికీ, మోహానికీ, భయానికీ లొంగకూడదు. ఏది ఇచ్చారో, ఏది ఇవ్వలేదో తెలిసినవాడై ఉండాలి.

నాకు బాగా నచ్చింది రాజగృహంలో బసలు చూసిన దబ్బ మల్లపుత్రుడు అనే భిక్షువు. సూత్రాలు (బుద్ధుడి బోధలు) వల్లించేవారిని ఒకచోట, వినయం (భిక్షువుల నియమాలు) చర్చించేవారిని ఇంకోచోట, ధ్యానం చేసేవారిని ఒకరికొకరు అడ్డురాకుండా వేరేగా ఉంచేవారట. పొద్దుపోయి వచ్చినవారికి మహిమతో వెలిగించిన తన వేలి వెలుగులో దారి చూపి, మంచం ఇది, దిండు ఇది, మరుగుదొడ్డి ఇది, తాగే నీళ్లు ఇవి అని ఓపిగ్గా చెప్పేవారని ఉంది. అలాంటి మనిషికీ నింద తప్పలేదు. భోజనం బాగా దొరకలేదని కోపం పెంచుకున్న కొందరు ఆయనపై తప్పుడు ఆరోపణ చేయించారు. చాలా బాధనిపించింది.

కట్టడం పనులు చూసే భిక్షువును నవకర్మికుడు అంటారు. మన నాగార్జునకొండలో ఉపాసిక (బౌద్ధ గృహస్థ భక్తురాలు) బోధిసిరి శాసనం అలాంటి ముగ్గురిని పేర్లతో చెబుతోంది: చందముఖ, ధమ్మనంది, నాగ అనే థేరులు (పెద్ద భిక్షువులు). దాత పేరుతోపాటు దగ్గరుండి కట్టించినవారి పేర్లూ చెక్కించడం ఎంత గొప్ప విషయం!