జర్నల్ బిల్లు ఒక చోట, లైసెన్సు ఇంకో చోట: కలపాలా, వద్దా?

కోనసీమ లైబ్రరీ:
అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీ చూస్తానండి. ఆర్డర్లు, బిల్లులు, బడ్జెట్ పద్దులు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోని కొనుగోళ్ల మాడ్యూల్‌లో పెడతాం. ఈ-జర్నల్స్ లైసెన్సులు, గడువులు, పబ్లిషర్‌కి ఇచ్చిన ఐపీ నంబర్లు (మా కాలేజీ నెట్ చిరునామాలు, వాటిని చూసే జర్నల్ తెరుస్తారు) మాత్రం ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటాయి. పోయినేడు కాలేజీలో నెట్ కనెక్షన్ మార్చారు. ఐపీ మారిందని పబ్లిషర్‌కి చెప్పాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రెండు నెలలు ఒక్క జర్నల్ తెరుచుకోలేదు. కొనుగోళ్లలో చూస్తేనేమో డబ్బు కట్టేశాం, అంతా సవ్యంగానే ఉంది! కోహాలో ఈ-వనరుల మాడ్యూల్ కూడా వచ్చింది కదా, అంతా అక్కడికే తెచ్చేయనా? షీటునే సరిచేసుకోనా?

భీమవరం కోడర్:
తెచ్చేయండి మేడమ్, ఆలోచించడానికేముంది? ఆ మాడ్యూల్ 22.11 వెర్షన్‌తో, అంటే 2022 నవంబర్‌లో వచ్చింది. ఒప్పందం ఎక్కించేటప్పుడు వెండర్‌ని మీ కొనుగోళ్ల జాబితాలోంచే ఎంచుకోవచ్చు. ప్రతి ఒప్పంద కాలానికీ మొదలు, ముగింపు, రద్దు చెప్పాల్సిన ఆఖరి తేదీ రాసుకోవచ్చు. తర్వాతి వెర్షన్లలో వాడకం లెక్కలు కూడా వచ్చాయి. పబ్లిషర్ సర్వర్ నుంచి కౌంటర్ రిపోర్టులు (వాడకం లెక్కకి అందరూ పాటించే పద్ధతి) సుషి అనే ఏర్పాటు ద్వారా వాటంతటవే దిగుతాయి. ధర ఒక పక్క, వాడకం ఇంకో పక్క ఉంటే ఒక్కో వ్యాసం ఎంతకి పడిందో ఎప్పటికి తేలుతుంది?

గోదావరి గట్టు:
రాజమండ్రిలో ఉంటాను, రిటైరయ్యాను. తమ్ముడూ, అంత తొందరపడకు. ఈ ముడి నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో డిజిటల్ లైబ్రరీ ఫెడరేషన్ వాళ్లు ఈ-వనరుల వ్యవస్థలో ఏమేం ఉండాలో 2004లో పెద్ద నివేదిక రాశారు. కొనుగోళ్లతో దాన్ని ఎలా కలపాలన్న దానిమీద 2008లో ఇంకో పత్రం తెచ్చారు. ఆ తర్వాత అక్కడే లైబ్రరీ ప్రామాణికాలు తయారుచేసే నైసో సంస్థ ధర వివరాలు అటూ ఇటూ పంపుకోవడానికి 'కోర్' అని ఒక ప్రామాణికం తయారు చేయబోయింది. తీరా 2010లో దాన్ని సిఫారసు స్థాయికి దించేసింది. అంత పెద్దవాళ్లకే కొరకరాని కొయ్య ఇది.

అసలు తంటా తేదీలతో. జర్నల్ చందా జనవరి నుంచి డిసెంబరు దాకా, మన బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అమ్మాయి జనవరిలో 1,20,000 కట్టిందనుకో. పద్దులో మొత్తం ఈ బడ్జెట్ ఏడాదికే పడుతుంది. చదివేది మాత్రం ఇందులో మూడు నెలలు, మిగతా తొమ్మిది నెలలు వచ్చే ఏడాదిలో. ఈ ఏడాది వాటా 30,000 అయితే నీ యంత్రం 1,20,000ని మూడు నెలల వాడకంతో భాగిస్తుంది. నాలుగింతలు! ప్రిన్సిపాల్ ఆ అంకె చూసి జర్నల్ ఆపేయమంటాడు.

భీమవరం కోడర్:
మాస్టారూ, అది కలపడం వల్ల వచ్చిన తప్పు కాదు, సగమే కలపడం వల్ల వచ్చింది. కౌంటర్ లెక్క నెలవారీగా ఉంటుంది. ఆర్డరు లైన్లో చందా ఏ నెల నుంచి ఏ నెల దాకా అని రాసి ఉంటే, డబ్బుని కూడా నెలలకి పంచేయొచ్చు. అది రాయకుండా యంత్రాన్ని తిడితే ఎలా?

కాకినాడ పద్దులు:
నేను లైబ్రరీ మనిషిని కాదు, అకౌంట్స్ సెక్షన్. మా ఆడిటర్ ప్రతిసారీ ఒకటే అడుగుతారు: "ఈ బిల్లుకి అక్సెషన్ నంబరేది?" అంటే లైబ్రరీ రిజిస్టర్లో ఎక్కించిన వరుస నంబరు. పుస్తకమైతే చూపిస్తాం. చందాకి ఏం చూపించాలి? వస్తువు లేదు, బీరువా లేదు. ఆర్డర్ నంబరు, లైసెన్సు కాపీ, గడువు పక్కపక్కన ఉంటే ఆయన ఊరుకుంటారు. ఏ సాఫ్ట్‌వేరైనా నాకొకటే.

లంక సర్కారీ కాలేజీ:
మాది ప్రభుత్వ కాలేజీ. కేంద్ర ప్రభుత్వ 'ఒక దేశం ఒక చందా' పథకంలో 30 మంది పబ్లిషర్ల జర్నల్స్ వస్తున్నాయి. 2024 నవంబర్‌లో కేబినెట్ ఒప్పుకుంది, మూడేళ్లకి 6,000 కోట్లు. బిల్లే రాని చోట కొనుగోళ్ల మాడ్యూల్‌తో పనేముంది?

గోదావరి గట్టు:
బిల్లు లేకపోయినా గడువుంటుంది కదా బాబూ. సున్నా రూపాయల ఆర్డరు ఒకటి వేసి ఉంచు. లేకపోతే ముందు నీ డబ్బుతో కొన్న జర్నల్ ఇందులోనూ వస్తోందని తెలియక మళ్లీ చందా కడతావు. ప్రైవేటు కాలేజీలకి ఈ పథకం ఇంకా లేదు కాబట్టి అమ్మాయికి ఆ వెసులుబాటూ లేదు.

ఇంకో మాట. ధవళేశ్వరంలో నీళ్లు వదిలారని శివారు చేలో నాట్లు పడవు. మధ్యలో లాకులున్నాయి, బోదెలున్నాయి. డబ్బు కట్టడం వేరు, జర్నల్ తెరుచుకోవడం వేరు. ఆ రెండో తనిఖీ ఏ మాడ్యూలూ చెయ్యదు. నెలకోసారి ఎవరో ఒకరు కూర్చుని, ఒక్కో పబ్లిషర్ నుంచి ఒక వ్యాసం తెరిచి చూడాలి.

కోనసీమ లైబ్రరీ:
మాస్టారి మాట ముందే విని ఉంటే ఆ రెండు నెలలు పోయేవి కావు. ఐపీలు, గడువులు కోహాలోకి ఎక్కించడం నిన్న మొదలుపెట్టానండి. ఆర్డర్ నంబరు ఒప్పందం నోట్స్‌లో చేత్తో రాస్తున్నాను, దానికంటే తెలివైన దారి తోచలేదు. టైటిళ్ల దగ్గర ఆగిపోయాను. బిల్లు మీద అచ్చు సంచిక ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు నంబరు) ఉంది, వాడకం రిపోర్టు మా ఆర్డర్‌తో కలవట్లేదు, అందులో ఆన్‌లైన్ నంబరు వేరే. నలభై టైటిళ్లు. కోడర్ గారూ, ఆదివారం ఖాళీయేనా?