మా బోర్డు మీది పేరు మార్చమని నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

హన్మకొండ, పిండివంటల దుకాణం

అందరికీ నమస్తే. 2011 సంక్రాంతికి ఇంటి వరండాలోనే సకినాలు, గరిజెలు చేసి అమ్మడం మొదలుపెట్టాం. దుకాణానికి మా అత్తమ్మ పేరే పెట్టుకున్నాం. బట్ట పరిచి సకినాలు చుట్టడం నాకు నేర్పింది ఆమెనే. ఇప్పుడు ఆమె లేదు.

2019లో ఇదే ఊళ్లో ఇంకొకరు అదే పేరుకు చివర ‘ఫుడ్స్’ అని తగిలించి ప్యాకెట్లు దించారు. మాలాగే పసుపు కవరు, ఎర్ర అక్షరాలు. మొన్న మా పాత గిరాకీ ఒకామె వచ్చి, "ఏందక్కా, ఈసారి సకినాలు నూనె వాసన కొడుతున్నయ్" అని ప్యాకెట్ కౌంటర్ మీద పెట్టింది. తిప్పి చూస్తే అది మాది కాదు. ఒకటి విరిచి చూశాను, వాము జాడ లేదు, నువ్వులు అక్కడొకటి ఇక్కడొకటి. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు వాళ్లే మాకు లాయర్ నోటీసు పంపారు. 2021లో ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించుకున్నారట, 15 రోజుల్లో బోర్డు దించాలట. మేం రిజిస్టర్ చేయించలేదు. అత్తమ్మ పేరు వదులుకోవాల్సిందేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కాజీపేట, వకీలు

అక్కా, బోర్డు ముట్టుకోకండి. 1999 ట్రేడ్‌మార్క్ చట్టంలో 34వ సెక్షన్ మీలాంటి వాళ్ల కోసమే ఉంది. వాళ్లు పేరు వాడటం మొదలుపెట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెంటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచి మీరు ఆపకుండా వాడుతుంటే, మిమ్మల్ని ఆపే హక్కు వాళ్లకు లేదు. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. రిజిస్ట్రేషన్ కన్నా ముందు నుంచి వాడుతున్నవాళ్ల హక్కే పెద్దదని 2015లో తీర్పు వచ్చింది.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వాళ్ల దరఖాస్తు ఎవరైనా చూడొచ్చు. ఎప్పటి నుంచి వాడుతున్నారో అందులో రాయాలి. ముందు అది చూడండి. నోటీసుకు జవాబు మాత్రం తప్పకుండా ఇవ్వండి, ఊరుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు చెప్పుకుంటారు. వాళ్ల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని 57వ సెక్షన్ కింద మీరే అడగొచ్చు. అయితే ఇదంతా నిలబడేది మీ దగ్గరున్న పాత కాగితాల మీదనే.

కరీంనగర్, పచ్చళ్ల వ్యాపారం

కాగితాల మాట నిజం. మాకూ ఇట్లనే అయింది. ఫ్లెక్సీ ఫొటోలు, విజిటింగ్ కార్డులు కుప్ప పోశాం. వేటి మీదా తేదీ లేదు, మా వకీలు అన్నీ పక్కన పెట్టేశారు. చివరికి ఆదుకున్నది కవర్లు అచ్చేసిన ప్రెస్ బిల్లు. దాని మీద మా పేరూ ఉంది, తేదీ కూడా. మీరు ఫుడ్ లైసెన్స్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ పాతవి, పెళ్లి ఆర్డర్ల పుస్తకాలు వెతకండి.

రిజిస్ట్రేషన్‌కు కూడా ఇప్పుడే వేయండి. రిజిస్ట్రేషన్ కోసం సరుకులను క్లాసులుగా విడదీస్తారు, సకినాలు 30వ క్లాసులోకి వస్తాయి. సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఒక క్లాసుకు ఫీజు 4,500. 2011 నుంచి వాడుతున్నామని అందులో రాయడం మరిచిపోవద్దు.

హన్మకొండ, పిండివంటల దుకాణం

అన్నలిద్దరికీ దండం. వాళ్ల దరఖాస్తు చూశాను, 2019 నుంచి వాడుతున్నామని వాళ్లే రాసుకున్నారు. నిన్న రాత్రి అటక మీది ట్రంకుపెట్టె దించితే 2012 ఆర్డర్ బుక్కు దొరికింది. పైన రబ్బరు స్టాంపుతో మా దుకాణం పేరు, కింద అత్తమ్మ చేతిరాత: ‘పెళ్లివారికి సకినాలు 11 కిలోలు, అడ్వాన్సు 500’. కవర్ల బిల్లు కోసం పొద్దున్నే ప్రెస్ ఆయన దగ్గరికి పోతున్నాను.